కనబడని అతుకులు

మేడ్చల్ పాత బజారులో సాలోమోను చేతికి ఒక పేరుండేది. చిరిగిన బట్ట ఆయన చేతికిస్తే, తిరిగి తీసుకునేటప్పుడు ఎక్కడ చిరిగిందో ఇచ్చినవాళ్ళే పోల్చుకోలేకపోయేవారు. ఆ పనిని రఫ్ఫు అంటారు. చిరుగు మీద గుడ్డముక్క వేసి కుట్టేయడం కాదది. ఆ బట్ట లోపలి మడతల్లోంచే దారాలు లాగి, సన్నటి సూదితో పోగు మీద పోగు వేసి, పోయిన నేతను మళ్ళీ నేయడం. సికింద్రాబాద్‌లో ఒక ఉస్తాద్ దగ్గర పడి ఉండి నేర్చుకున్నాడు. యాప్రాల్ నుంచి మిలిటరీ ఆఫీసర్లు సిగరెట్ నిప్పు పడి కాలిన కోట్లు పట్టుకొచ్చేవాళ్ళు. పని అయ్యాక కోటును బల్ల మీద పరిచి, ఎక్కడ కాలిందో చూపెట్టండి సార్ అని సాలోమోను చేతులు కట్టుకుని నిలబడేవాడు. సార్లు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, కోటును వెలుతురుకు ఎత్తి, చివరికి ఓడిపోయేవాళ్ళు. ఆ ఓటమి చూడటంలో ఉన్న సుఖం కూలి డబ్బుల్లో ఉండేది కాదని ఆయన ఇప్పటికీ అంటాడు.

ఇప్పుడు రఫ్ఫు చేయించుకునేవాళ్ళేరీ? బట్ట చిరగకముందే పారేస్తున్నారు. కొందరైతే చిరిగినదాన్నే ముచ్చటపడి కొనుక్కుంటున్నారు. ఒకరోజు మోకాళ్ళ దగ్గర బాగా చిరిగిన ప్యాంటుతో ఒక కాలేజీ అమ్మాయి దుకాణం ముందు నుంచి పోతుంటే, సాలోమోను పాపమని పిలిచి, పైసలేం వద్దు, ఊరికే కుట్టి పెడతానన్నాడు. ఆ పిల్ల నవ్విన నవ్వుకు ఆయన మర్నాడు షట్టర్ తీయలేదు. ఆ తర్వాత తీసినా, ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం తప్ప పెద్దగా పని ఉండేది కాదు. అదీ రానురాను తగ్గిపోయింది.

ఆయన ఇల్లు స్టేషన్ వైపు పోయే రోడ్డులో, చర్చికి రెండు సందుల అవతల. రోడ్డు వైపు గది దుకాణం, మధ్యలో ఇల్లు, వెనక రేకుల వరండా. కొడుకు గిడియోన్ దూలపల్లిలో అట్టపెట్టెల కంపెనీలో పని చేస్తాడు. కోడలు ఏంజెల్‌ది అల్వాల్. దుకాణం చతికిలబడుతున్న రోజుల్లోనే వెనక వరండాలో ఏంజెల్ పని పుంజుకుంది. లోకం తీరు అలాగే ఉంటుంది మరి.

ఏంజెల్ చేసేదీ బట్టల పనే, కానీ తలకిందుల పని. పాత బట్టలకు స్టీలు గిన్నెలిస్తామంటూ కాలనీల్లో తిరిగే ఆడవాళ్ళు మూటలు మూటలుగా చీరలు, దుప్పట్లు, లుంగీలు తెచ్చి ఆమెకు అమ్ముతారు. వాటిని కుంకుడు రసంలో నానబెట్టి, ఉతికి, మేడ మీద ఆరేసి, ఒక్కోదాన్నీ ఎండకు ఎత్తి పట్టుకుని చూస్తుంది. నేత పలచబడ్డ చోటు కత్తిరించేసి, బలం ఉన్న మేర ఉంచుకుంటుంది. అలా మిగిలిన ముక్కలతో దిండు గలేబులు, కిటికీ పరదాలు, దివాన్ మీద పరుచుకునే బొంతలు, గోడకు వేలాడదీసే తోరణాలు కుడుతుంది. కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలో ఉండే వెచ్చదనం కొత్త బట్టకు ఎక్కడినుంచి వస్తుంది? కొంపల్లిలో, శామీర్‌పేటలో కొత్తగా ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు ఫోనులో బొమ్మలు చూసి ఆమెకు ఆర్డర్లు ఇస్తున్నారు.

ఎవరో కట్టి వదిలేసిన చీరలతో ఇల్లు అలంకరించుకోవడమేమిటని సాలోమోను మొదట్లో ముక్కున వేలేసుకున్నాడు. తర్వాత మెల్లగా చెవి అటు పోయింది. దుకాణంలో ఖాళీగా కూర్చుని వెనక మిషన్ చప్పుడు వింటే చాలు, ఎక్కడ దారం బిగిసిందో, ఎక్కడ మందం బట్ట అడ్డం వచ్చిందో ఆయనకు తెలిసిపోయేది. చేతులు ఊరుకునేవి కావు. ఆ పనిలో తనకూ కాస్త చోటు దొరికితే బాగుండునని ఆయన మనసులో పడింది. పడిన దగ్గర్నుంచి ఇంకో ఆలోచన లేదు. పొద్దున లేస్తే అదే, పడుకోబోతే అదే.

అయితే చిక్కంతా గౌరవం దగ్గర వచ్చింది. ఏంజెల్ మర్యాద తెలిసిన పిల్ల. మామగారు వరండాలోకి అడుగు పెడితే మిషన్ ఆపి లేచి నిలబడేది. కుర్చీ వేసేది. నిమిషంలో చాయ్ వచ్చేది. ఆయన చాయ్ తాగినంతసేపూ కుట్టు ఆగిపోయేది. తను పోతే పని చెడుతోందని తెలిసి సాలోమోను పోవడం మానేశాడు. ఇక పని అడగడమంటారా, కోడలి దగ్గరికి పోయి నాకేమైనా పని ఇవ్వమ్మా అని అడగడానికి ఆయనకు నోరెలా వస్తుంది? పెద్దాయనకు పని పురమాయించడానికి ఆమెకు నోరెలా వస్తుంది? ఇద్దరి మధ్యా గౌరవం గోడ కట్టుకుని కూర్చుంది. ఆ గోడకు ఒకటే కిటికీ, సాలోమోను భార్య ఎలీషమ్మ. మామా కోడళ్ళ మాటలన్నీ ఆమె మీదుగానే అటూ ఇటూ తిరిగేవి.

వానలు మొదలయ్యాక ఏంజెల్‌కు ఆర్డర్లు ఒక్కసారిగా మీద పడ్డాయి. ఒక పెళ్ళింటికి పరదాలు కుట్టడంలో ఆమె తలమునకలై ఉండగా, శామీర్‌పేట చెరువు అవతల కొత్తగా ఇల్లు కట్టుకున్న సుచిత్ర అనే ఆమె దివాన్ మీదికి పెద్ద బొంత కావాలంది. తన తల్లి పాత చీరలు కొన్ని ఇచ్చి, మిగతావి నీ దగ్గర ఉన్నవాటిలోంచి కలుపుకోమంది. ఆ తల్లి సిద్దిపేట నుంచి వచ్చి కొన్నాళ్ళు ఉండబోతోంది. ఇల్లంతా నున్నగా, తెల్లగా, ఎవరూ ముట్టుకోనట్టు ఉందనీ, ఒక్కటైనా చేత్తో చేసిన వస్తువని తెలిసేటట్టు ఉండాలనీ సుచిత్ర మరీ మరీ చెప్పింది. ఏ ముక్క ఎక్కడిదో, ఎక్కడ కలిసిందో కనబడాలి. ఆమె అడిగిందల్లా అదే.

పని ఆలస్యమయ్యేలా ఉందని ఏంజెల్ ఆలోచించి ఆలోచించి, చివరికి వంటింట్లో బియ్యం కడుగుతున్న అత్తగారి దగ్గరికి వెళ్ళింది. ఈ ఒక్క బొంత మామయ్య కుట్టిపెడితే ఎంతో మేలవుతుందని, అతుకులు మాత్రం బాగా కనబడాలని ఆయనతో చెప్పమంది.

వంటింటికీ దుకాణానికీ మధ్య దూరమెంత? ఆ కాస్త దూరంలోనే మాట తిరగబడింది. ఎలీషమ్మ అబద్ధాలాడే మనిషి కాదు. కానీ జీవితమంతా అతుకు కనబడకుండా కుట్టి పేరు తెచ్చుకున్న మనిషి ఎదుట నిలబడి, నీ అతుకులు కనబడాలంట అని ఎలా అనగలదు? పిల్లకు మాట తేడా వచ్చి ఉంటుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది. దుకాణం గుమ్మంలో నిలబడి, కొంగుతో చేయి తుడుచుకుంటూ, "ఏంజెల్ ఒక బొంత కుట్టిపెట్టుమంటాంది. అతుకులు కనబడొద్దంట," అంది.

సాలోమోను ముఖం వెలిగిపోయింది. తన చేతి విలువ కోడలికి తెలుసన్నమాట. తెలిసే ఈ పని తనకు పంపిందన్నమాట. ఆయన అప్పటికప్పుడు లేచి బల్ల తుడిచి, మూట విప్పాడు.

ఆ బొంత మీద ఆయన పడిన శ్రమ అంతా ఇంతా కాదు. ముందు చీరలన్నిటినీ బల్ల మీద పరిచి, రంగును బట్టి వరస పెట్టాడు. కుంకుమ రంగు పక్కన ఇటుక రంగు, దాని పక్కన గోధుమ రంగు, అలా ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొచ్చినట్టు పేర్చాడు. కొట్టొచ్చినట్టు కనబడే అంచులను లోపలికి మడిచి దాచేశాడు. ఏ చీర దారం ఆ చీరలోంచే లాగి, ముక్కకూ ముక్కకూ మధ్య రఫ్ఫు చేశాడు. ఒక్క జానెడు అతుక్కు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టిన రోజులున్నాయి. కళ్ళు లాగేవి, మెడ పట్టేసేది. అయినా ఇన్నేళ్ళలో అంత హాయిగా ఆయన ఎప్పుడూ అన్నం తినలేదు. అన్నీ కలిపాక అడుగున తెల్లటి అస్తరుగుడ్డ వేసి, నాలుగు వైపులా మూసి, ఇస్త్రీ చేసి మడత పెట్టాడు. వేలితో తడిమినా అతుకు తగలని బొంత అది. అంత మంచి పని తాను ఇంతకు ముందెన్నడూ చేయలేదని ఆయనకే అనిపించింది.

ఏంజెల్ మడత విప్పి చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత నెమ్మదిగా, ఎంత మంచిగ కుట్టిండ్రు మామయ్యా, అని మళ్ళీ మడత పెట్టింది. నోట మాట రాని సార్లను ఎంతమందిని చూశాడు సాలోమోను. ఇదీ అలాంటిదే అనుకుని, పొంగిపోయి, దుకాణంలోకి వెళ్ళి కూర్చున్నాడు.

శనివారం గిడియోన్ బండి మీద ఏంజెల్ ఆ బొంత తీసుకుని శామీర్‌పేట వెళ్ళింది. దుకాణంలోంచి చూస్తూనే ఉన్నాడు సాలోమోను. సాయంత్రం బండి వచ్చి ఆగింది. పోయిన సంచీ పోయినట్టే నిండుగా తిరిగొచ్చింది. ఏంజెల్ ఆయన వైపు చూడకుండా ఇంట్లోకి నడిచింది.

దుకాణానికీ ఇంటికీ మధ్య ఉన్నది పలచటి ప్లైవుడ్ తలుపు. వినాలని ఆయన వినలేదు, వినబడింది. ఏంజెల్ గొంతు తగ్గించి అత్తగారితో చెబుతోంది.

"గిది అతికిందే గాదంటాంది అత్తమ్మా. అతుకుల బొంత లెక్క అచ్చేసిన బట్ట బజార్ల దొర్కుతది గదా, అది కొనుక్కొచ్చి నేను కుట్టిన అంటున్నవ్ అన్నది. మా అమ్మ చీరలేమైనయ్, జూపెట్టు అన్నది. ఎంత దేవులాడినా నాకే దొర్కలే."

"మామయ్య కుట్టిండని జెప్పకపోయినవా?"

"ఆయన పేరెట్ల తీస్త? నేనే కుట్టిన, తప్పైంది, మల్ల కుట్టిస్త అన్న. ఆమె వద్దన్నది. ఇగ ఆమె జెప్పి పంపేటోళ్ళు కూడ ఎవ్వరూ రారు." ఏంజెల్ గొంతు ఇంకాస్త తగ్గించింది. "అతుకులు కనబడాలెనని మామయ్యకు జెప్పిండ్రు గదా అత్తమ్మా?"

ఎలీషమ్మ గొంతు సన్నగా వినిపించింది. "కనబడొద్దంట అని జెప్పిన బిడ్డా. కనబడాలె అంటే ఆయన మనసు చిన్నబోతదనుకున్న."

సాలోమోనుకు భార్య మీద కోపం రాలేదు. రావాల్సినంత కోపం వచ్చే వయసూ దాటిపోయింది. కానీ సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మడత విప్పి చూసిన క్షణానే ఏంజెల్‌కు తప్పు తెలిసిందన్నమాట. తెలిసీ మామగారిని పొగిడింది. తెలిసీ తీసుకుపోయి, పరాయి ఇంట్లో దొంగ అనిపించుకుని, నింద తన నెత్తిన వేసుకుని వచ్చింది. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఆయన మనసు కాపాడారు. ఆ కాపాడటంలో పిల్ల పేరు మట్టిగొట్టుకుపోయింది. వరండాలో తనకు చోటు దొరుకుతుందని ఇన్నాళ్ళూ కన్న ఆశ కూడా దాంతోపాటే పోయినట్టయింది. చేతిలో ఉన్న సూది ఎక్కడ పెట్టాలో ఆయనకు తోచలేదు.

కాసేపటికి లేచి, తలుపు తోసుకుని, నేరుగా వరండాలోకి వెళ్ళాడు. ఏంజెల్ ఎప్పటిలాగే లేచి నిలబడింది. ఎలీషమ్మ ఇద్దరి మధ్యకు వచ్చి ఏదో సర్దిచెప్పబోయింది. సాలోమోను ఆమెను చేత్తో ఆపి, కోడలితోనే మాట్లాడాడు.

"రేపు చర్చి అయినంక మల్ల పోదాం. నేనొస్త. గది అచ్చేసిన బట్ట గాదని నేను జూపెడ్త."

"మీరెందుకు మామయ్యా, గా మేడం ఏమన్న అంటే..."

"అననియ్యి. నువ్వు పడ్డవ్ గదా."

మర్నాడు ఆరాధన ముగిశాక ఇద్దరూ శామీర్‌పేట ఆటో ఎక్కారు. దారంతా సన్నటి జల్లు. ఆటో పరదా ఒక చేత్తో పట్టుకుని, ఒళ్ళో బొంత సంచీ పెట్టుకుని సాలోమోను రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఎలీషమ్మ మధ్యలో లేకుండా వాళ్ళిద్దరూ కలిసి కూర్చోవడం అదే మొదటిసారి. ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియలేదు.

సుచిత్ర మంచి మనిషే. తలుపు తీసి, పెద్దాయనను చూసి తడబడి, లోపలికి రమ్మని, కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చింది. హాలు ఆమె చెప్పినట్టే ఉంది. గోడలు తెలుపు, నేల తెలుపు, దివాన్ మీద పరుపు కూడా తెలుపే. తాను ఎవరినీ తప్పుబట్టాలని అనలేదని, అడిగింది ఒకటి, వచ్చింది ఇంకొకటి అయ్యేసరికి మనసుకు కష్టమై ఆ మాట అన్నానని ఆమె ముందే చెప్పుకుంది. అంటూనే, అంత నున్నగా ఉన్నది ముక్కలు కలిపి కుట్టిందంటే ఎలా నమ్మడం అని కూడా అంది.

సాలోమోను ఏమీ వాదించలేదు. బొంతను దివాన్ మీద బోర్లా పరిచాడు. జేబులోంచి చిన్న కత్తెర తీశాడు. ఆయన ఏం చేయబోతున్నాడో ఏంజెల్‌కు అర్థమై, వద్దు మామయ్యా అని మెల్లగా అంది. ఆయన వినిపించుకోలేదు.

మూలన అస్తరు కుట్టు తెంపాడు. అక్కడినుంచి అంచు వెంబడి కత్తెర పోనిస్తూ పోయాడు. తాను చేసిన పనుల్లోకెల్లా మంచి పనిని చేతులారా విప్పుతున్నాడు. అలాంటి చేతిపని ఎవరైనా తన ఎదుట పాడు చేసి ఉంటే తిట్టి పంపేవాడు. అస్తరు మొత్తం ఊడదీసి, చుట్టి, పక్కన పెట్టాడు.

లోపలి వైపు బయటపడింది. పైన ఎంత నున్నగా ఉందో కింద అంత గజిబిజిగా ఉంది. ప్రతి అతుకూ గట్టులా లేచి ఉంది. రఫ్ఫు దారాల చివర్లు కుప్పలుగా వేలాడుతున్నాయి. ఆయన దాచేసిన అంచులన్నీ అక్కడే ఉన్నాయి, ఎర్రవి, పసుపువి, ముదురు ఆకుపచ్చవి, ఒక్కోటి ఒక్కో తీరున. సుచిత్ర నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. ఒక ఆకుపచ్చ అంచును వేళ్ళతో పట్టుకుని చూసి, ఇది మా అమ్మది, అంది. కాస్త పక్కకు జరిగి, ఇదీ ఆమెదే, నేను బడికి పోయే రోజుల్లో కట్టేది, అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి సాలోమోను తల పక్కకు తిప్పుకున్నాడు.

ఏంజెల్ దగ్గరికి వచ్చి, నిన్న అన్న మాటకు బాధపడొద్దని సుచిత్ర ఆమె చేయి పట్టుకుంది. ఆ పైన సాలోమోను వైపు తిరిగింది. "అంకుల్, నాకు ఈ దిక్కే పైకి గావాలె. ఇట్లనే ఉంచుండ్రి."

"గిది లోపలి దిక్కు మేడం," అన్నాడు సాలోమోను, ఆమెకు తెలియక అడుగుతోందనుకుని. "లోపలి దిక్కు ఎవ్వరికీ జూపెట్టం."

"నాకు జూపెట్టింది అదొక్కటే గదా అంకుల్, మీరు కుట్టిండ్రని," అంది సుచిత్ర.

ఏంజెల్ కలగజేసుకుని, అలాగే వదిలేస్తే దారాలు లేచిపోతాయని, నాలుగు ఉతుకులకు ఊడొస్తుందని, గట్లన్నీ మడిచి పైనుంచి చేత్తో కుట్టి ఇస్తామని చెప్పింది. వచ్చే ఆదివారం తల్లి దిగేలోపు ఇస్తే చాలని సుచిత్ర ఒప్పుకుంది.

తిరుగు దారిలో బస్సు దొరికింది. జల్లు ఆగింది. చెరువు కట్ట మీద మొక్కజొన్న కంకులు కాల్చేవాళ్ళ పొగ కిటికీలోంచి లోపలికి వచ్చింది. సాలోమోను కోడలి వైపు తిరగకుండానే అడిగాడు. "మడత ఇప్పి చూసిన్నాడే నీకు తెల్సింది గదా."

"తెల్సింది మామయ్యా."

"మరి జెప్పలేదేంది?"

"మీకెట్ల జెప్తం మామయ్యా?"

"నోటితోని," అన్నాడు సాలోమోను.

ఏంజెల్‌కు నవ్వొచ్చింది, కానీ ఆపుకుంది. ఆయన నవ్వలేదు. కిటికీ బయటకు చూస్తూ, చెప్పాలనుకున్న మాటను చాలా దూరం వచ్చాక చెప్పాడు. ఇంట్లో ఎంత మర్యాద చేసినా చేయమన్నాడు, పని దగ్గర మాత్రం వద్దన్నాడు. పని దగ్గర మర్యాద చేస్తే తాను ఆ వరండాలోకి వచ్చేది చాయ్ తాగడానికే అవుతుందన్నాడు. ఏంజెల్ సరే అని తలూపింది. తలూపినంత తేలిగ్గా అయ్యే పనా అది?

సోమవారం నుంచి ఇద్దరూ వరండాలో ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో బొంత. అటు సగం ఆమె, ఇటు సగం ఆయన. గట్టును మడిచి, లావు దారంతో పైనుంచి పెద్ద పెద్ద కుట్లు వేయాలి. బట్ట ఎరుపైతే దారం పసుపు, బట్ట గోధుమ రంగైతే దారం నీలం. ఎవరు చూసినా, ఇక్కడ కలిసింది, ఇక్కడ కుట్టారు అని తెలియాలి.

వినడానికి చిన్నపిల్లల పని. సాలోమోనుకు మాత్రం ప్రాణసంకటమయింది. ఆయన చేతికి దాచడమే తెలుసు. పెద్ద కుట్టు వేయాలని సూది గుచ్చేవాడు, తీసేసరికి అది గసగసాల గింజంత అయ్యేది. పసుపు దారం ఎక్కించేవాడు, రెండు కుట్ల తర్వాత చేయి తనంతట తానే ఎర్ర దారం వెతుక్కునేది. సాయంత్రానికి ఆయన వైపు సగం మళ్ళీ నున్నగా తయారవడం మొదలుపెట్టింది. ఆమె వైపు కుట్లు బాజాలు మోగించినట్టు కనబడుతుంటే, ఆయన వైపు కుట్లు తప్పు చేసి దాక్కున్నట్టు ఉన్నాయి.

ఏంజెల్ అది చూసింది. చూసి ఏమీ అనలేదు. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చింది. మళ్ళీ చూసింది. ఈసారి దారపు రీళ్ళు సర్దింది. మర్నాడూ అదే వరస. చెప్పాలని నోరు తెరుస్తుంది, మామయ్యా అంటుంది, ఆయన తలెత్తి చూస్తాడు, చాయ్ తెమ్మంటరా అని అడుగుతుంది. అడగకపోయినా చాయ్ వస్తూనే ఉంది.

సాలోమోనుకు ఆమె తంటా తెలుస్తూనే ఉంది. తన కుట్టు బాగాలేదనీ తెలుసు. అయినా తనంతట తాను విప్పలేదు. ఆమె చెబుతుందా లేదా అని చూస్తూ కూర్చున్నాడు. చెప్పకపోతే ఈ బొంత అయ్యాక ఆమె థాంక్స్ మామయ్యా అంటుంది, పెద్దాయన శ్రమపడ్డాడంటుంది, ఇంకో పని అడగదు. మళ్ళీ దుకాణంలో కుర్చీ, రోడ్డు మీద పోయే బస్సులు. మామగారిని నొప్పించకుండా పక్కన పెట్టడం ఆ పిల్లకు చాలా బాగా వచ్చు.

బుధవారం మధ్యాహ్నం వాన దంచి కొడుతోంది. రేకుల మీద చప్పుడుకు పక్కన మాట పక్కన వినబడటం లేదు. ఎలీషమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. ఏంజెల్ తన వైపు అతుకు పూర్తి చేసి, దారం కొరికి, మామగారి వైపు అతుకు దాకా వచ్చి ఆగింది. అక్కడ ఆకుపచ్చ అంచు చుట్టూ సాలోమోను ఆకుపచ్చ దారమే వాడాడు. కుట్టు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆమె చేతిలోని సూదిని పక్కనున్న సూదుల దిండుకు గుచ్చింది.

"మామయ్యా, గిది బాగలేదు," అంది, వాన చప్పుడుకు మించి వినబడేంత గట్టిగా. "మొత్తం ఇప్పేయుండ్రి."

ఎలీషమ్మ చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. మామతో మాట్లాడే తీరేనా అది అని కోడలిని మందలించబోయింది. సాలోమోను ఆమె వైపు చూడకుండానే, నువ్వు ఊకో, అన్నాడు.

బొంతను ఒళ్ళోకి లాక్కున్నాడు. కత్తెర తీసుకుని ఒక్కో కుట్టూ తెంపడం మొదలుపెట్టాడు. తెంపుతుంటే కళ్ళు మసకబారి, కత్తెర మొన కనబడక, పైపంచెతో తుడుచుకున్నాడు. కోడలు నొప్పించిందని ఎలీషమ్మ అనుకుంది. ఏంజెల్ కూడా అదే అనుకుని, ముఖం పాలిపోయి, ఏదో అనబోయింది. నొప్పి కాదది. కుట్టు బాగాలేదని ఆయనతో ఒకరు అని ఎన్నేళ్ళయిందో. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఆయన పెద్దమనిషి. ఇవాళ పనివాడయ్యాడు. ఆ కళ్ళ తడి సంతోషానిది.

విప్పిన దారమంతా ఉండచుట్టి పక్కన పడేసి, "ఇంకేమన్న ఉన్నయా బిడ్డా, బాగలేనియి?" అని అడిగాడు.

ఏంజెల్ ఆయన ముఖంలోకి చూసింది. చూసి ధైర్యం తెచ్చుకుంది.

"మస్తున్నయ్ మామయ్యా," అని తను కూర్చున్న పీటను ఆయన దగ్గరికి జరుపుకుంది.